కొండమీది ధాన్యపు కొట్టు

శనివారం మధ్యాహ్నం. చెవుల క్లినిక్‌లో రద్దీ తగ్గింది. పిచ్చుక చివరి పేషెంటుని పంపేసి, హెడ్‌ఫోన్లు తుడిచి కొక్కేనికి తగిలించింది. వినికిడి పరీక్షలు చెయ్యడం ఆమె పని. నాలుగు పక్కలా మెత్తలు అంటించిన చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, అద్దానికి ఇవతల నుంచి సన్నటి కూతలు పంపుతుంది. వినపడితే వాళ్ళు మీట నొక్కాలి. క్లినిక్ రికార్డుల్లో ఆమెకి వేరే పేరుంది. కానీ చిన్నప్పుడు అన్నం గింజ గింజ ఏరుకుని తినేదని అన్నయ్య పెట్టిన ముద్దుపేరే అందరి నోళ్ళలోనూ నిలిచిపోయింది.

ఫోన్ మోగింది. అన్నయ్యే.

"రేపు ఖాళీయేనా పిచ్చుకా?"

"ఖాళీ అంటే ఏం చేయిస్తావు? మళ్ళీ నీ కారు కడగాలా?"

"అడవిలోకి పోదాం. కోట దాకా నడిచొద్దాం. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగొచ్చెయ్యొచ్చు."



"ఆ కోటకా? వదినని తీసుకునా?"

"డాక్టరే చెప్పాడు. ఎక్కడ భయపడిందో అక్కడికి మళ్ళీ ఒకసారి తీసుకెళ్ళి చూడమన్నాడు. నాకు ఒక్కడికీ ధైర్యం చాలట్లేదు. నువ్వు పక్కనుంటే..."

అన్నయ్య ఒకటి అడగడమే గొప్ప. అమ్మా నాన్నా పోయాక తనని సాకింది అతనే. జడలు వేశాడు. వంకరగా వేసేవాడనుకోండి, అయినా వేశాడు. జ్వరమొస్తే పక్కనే కూర్చుని తెల్లార్లూ తడిగుడ్డ మార్చాడు. ఇన్నేళ్ళలో నాకిది చేసిపెట్టు అని నోరు తెరిచింది లేదు. కాదని ఎలా అంటుంది?

పైగా వదిన కోసం.

వదిన మొదట్నుంచీ ఇలా మాటా పలుకూ లేని మనిషి కాదు. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా వాగుతూనే ఉండేది. "ఆడపడుచు గారూ, తమరి జాకెట్టు సిద్ధం. తమరే కాస్త సన్నబడాలి," అని వీధి వీధంతా వినపడేలా అరిచేది. పోయినేడు అన్నయ్యతో కలిసి ఆ కోట చూడ్డానికి వెళ్ళింది. అక్కడ ఏదో మలుపులో తప్పిపోయింది. అడవి సిబ్బంది వెతగ్గా వెతగ్గా, పాత ధాన్యపు కొట్టులో కూర్చుని కనపడింది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కానీ ఆ రోజు నుంచి నవ్వు లేదు, మాట లేదు, మిషను మీద గుడ్డ తీసింది లేదు. పెడితే తింటుంది. కూర్చోబెట్టిన చోట కూర్చుంటుంది.

చెవులేమైనా దెబ్బతిన్నాయేమోనని పిచ్చుక ఆమెకి కూడా పరీక్ష చేసింది. వినికిడి భేషుగ్గా ఉంది. ఒక్కటే తేడా... కూత పంపనప్పుడు కూడా వదిన మీట నొక్కుతూనే ఉంది. ఎవరో అడుగుతున్నట్టూ, తను ఊ కొడుతున్నట్టూ. ఆ ముక్క పిచ్చుక రిపోర్టులో రాయలేదు. అన్నయ్యకీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున అడవి మొదట్లో కారు ఆపారు. ఎండ లేతగా ఉంది. టికెట్ల గదిలో ముసలాయన కిటికీలోంచి చీటీలు అందించి, మళ్ళీ పేపర్లో తల దూర్చేశాడు. వదిన వెనక సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"దిగు వదినా, వచ్చేశాం."

ఉలుకూ పలుకూ లేదు.

"తనని ఉండనీ," అన్నాడు అన్నయ్య. "ముందు మనం వెళ్ళి చూసొద్దాం."

"అదేంటి, తన కోసమేగా వచ్చింది?"

"బలవంతపెట్టొద్దన్నాడు డాక్టరు." కారు అద్దాలు కాస్త దించి, సంచీ భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు.

నాలుగడుగులు వేశాక పిచ్చుక వెనక్కి చూసింది. వదిన తల తిప్పి వాళ్ళకేసే చూస్తోంది. ఇన్నాళ్ళలో ఆమె తనంతట తాను తల తిప్పి ఒకళ్ళని చూడటం అదే మొదటిసారి. పిచ్చుకకి ప్రాణం లేచొచ్చినట్టయింది. డాక్టరు చెప్పింది నిజమే కాబోలు అనుకుంది.

దారి చాలా బాగుంది. రెండు పక్కలా వెదురు పొదలు పైన కలిసిపోయి పందిరిలా ఉన్నాయి. రాత్రి కురిసిన వానకి తడిసిన ఆకుల వాసన. దారి పక్కనే సన్నటి వాగు, రాళ్ళ మీంచి గలగలా దిగుతోంది. అన్నయ్య డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుని నేర్పే అలవాటు వల్ల, దిగుడు దారి వస్తే చాలు, కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కినట్టు నేలని నొక్కేది. అది చూసి పిచ్చుక ఎప్పట్లాగే పడీ పడీ నవ్వింది.

వాగు దాటాక ఒక బండ మీద కూర్చున్నారు. అన్నయ్య కమలాపండు ఒలిచి, ఒక్కో తొనకీ ఉన్న పీచు గోటితో తీసి ఆమె చేతిలో పెట్టాడు, చిన్నప్పటిలా. ఆమె బూటు తాడు ఊడి ఉంటే వంగి ముడి వేశాడు.

"ఏంటన్నయ్యా ఇవాళ ఇంత మర్యాద? నన్ను ఎవరికైనా కట్టబెట్టేస్తున్నావా ఏంటి?"

అన్నయ్య ముఖంలో రక్తం ఇంకిపోయింది. "పిచ్చి మాటలు మాట్లాడకు," అన్నాడు. తొక్కలు ఏరి సంచీలో వేసుకుంటూ, "నీకెప్పుడైనా లోటు చేశానా పిచ్చుకా?" అని అడిగాడు.

"జడలు వంకరగా వేశావు. అది తప్ప ఏమీ లేదు."

అతను నవ్వలేదు. లేచి, ఆమెని ముందు నడవమన్నాడు.

కోట ద్వారం ఒక మలుపు తిరగ్గానే ఎదురైంది. కూలిన గోడల సందుల్లోంచి చెట్లు మొలిచాయి. గుర్రాలు కట్టిన సాలల్లో ఇప్పుడు ఫెర్న్ మొక్కలు గుబురుగా పెరిగి ఉన్నాయి. నీళ్ళు ఇంకిపోయిన స్నానాల తొట్టి అడుగున రంగు రాళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. పిచ్చుక ఫొటోలు తీసుకుంటూ, రాళ్ళ మీద గంతులేస్తూ తిరిగింది. వదినని తీసుకొస్తే బాగుండు, ఇంత అందమైన చోట మనిషికి భయమేంటి అనుకుంది.

కోట వెనక్కి వచ్చేసరికి మబ్బు కమ్మింది. వెలుతురు మసకబారింది. అప్పటిదాకా చెవులు గింగురుమనేలా అరిచిన కీచురాళ్ళు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

అక్కడుంది ధాన్యపు కొట్టు.

సగం నేలలోకి దిగబడిన గుండ్రటి కట్టడం. బోర్లించిన కుండలా రాతి కప్పు. నాలుగు మెట్లు దిగితే, వంగితే గాని దూరలేనంత చిన్న గుమ్మం. దానికి ఇనుప ఊచల తలుపు, బార్లా తెరిచి ఉంది.

"ఇక్కడేనా?" గొంతు తగ్గించి అడిగింది పిచ్చుక.

"ఇక్కడే. నువ్వొకసారి లోపలికెళ్ళి చూసిరా. నాకు కాళ్ళు రావట్లేదు. భయపడాల్సిందేం లేదని నువ్వు చెబితే, వెళ్ళి తనని తీసుకొస్తాను."

ఆమె ఫోన్ లైటు వేసుకుని వంగి లోపలికి వెళ్ళింది.

ముక్కిపోయిన గింజల వాసన. దాని కింద ఇంకో వాసన... చాలా రోజులు ఆరని బట్టలది. గోడలు నున్నగా, నల్లగా ఉన్నాయి. లైటు అవతలి గోడ దాకా పోవట్లేదు. బయట నుంచి చూస్తే ఇంత పెద్దది అనిపించలేదే అనుకుంది.

"అన్నయ్యా, ఏమీ లేదిక్కడ," అంది.

మాట తిరిగి రాలేదు. రాతి గుహలాంటి గది. మాట మోగాలి. మోగలేదు. నోట్లోంచి రాగానే ఎవరో దోసిలి పట్టి అందుకున్నట్టు ఆగిపోయింది.

వెనక ఇనుము రాపిడి. ఖణేల్...

తిరిగి చూసింది. ఊచల తలుపు మూసి ఉంది. అవతల అన్నయ్య గొలుసు చుడుతున్నాడు. అతని చేతిలో తాళం. డ్రైవింగ్ స్కూల్ షట్టరుకి వేసే పెద్ద ఇత్తడి తాళం.

"చాల్లే, తియ్యి," అంది నవ్వుతూనే.

తాళం నొక్కిన చప్పుడు.

"అన్నయ్యా?"

"నన్ను తిట్టుకో. ఎంతైనా తిట్టుకో." అతను తల ఎత్తలేదు. "మీ వదిన ఇందులోనే ఉందే. ఇంకొకళ్ళు లోపలుంటే ఈ కొట్టు తనని వదులుతుందట."

"వదిన కార్లో ఉంది! నీకేమైనా మతి పోయిందా? ఎవరు చెప్పారు నీకీ మాట?"

అతను కళ్ళెత్తి చూశాడు.

"కార్లో కూర్చున్నదే చెప్పింది."

పిచ్చుక ఊచల దగ్గరికి వచ్చింది.

"మొన్నొక పొద్దున అన్నం పెడుతుంటే చెప్పింది. మీ వదిన గొంతుతోనే. నా మీద ప్రాణం పెట్టుకున్న మనిషినే తెమ్మంది. నాకు ఇంకెవరున్నారు చెప్పు, నువ్వు తప్ప?"

"అన్నయ్యా... నేను... నీ పిచ్చుకని..."

ఊచల్లోంచి చెయ్యి చాచి అతని చొక్కా పట్టుకోబోయింది. ఫోన్ చేతిలోంచి జారి మెట్ల మీద పడింది, ఊచలకి అవతల. అతను వెనక్కి జరిగాడు. జ్వరమొస్తే తెల్లార్లూ తన నుదుటి మీద ఉన్న చేతులు. వాటిని జేబుల్లో పెట్టుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆకుల మీద అడుగుల చప్పుడు దూరమైంది. ఆ తరవాత అదీ లేదు.

అరిచింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఏ అరుపూ గది దాటలేదు. భయం కంటే ముందు ఏడుపొచ్చింది. కమలా తొనల పీచు తీస్తున్నప్పుడే వాడికి తెలుసు. బూటు తాడు కడుతున్నప్పుడూ తెలుసు.

అప్పుడు వినపడింది.

"ఏడవకండి ఆడపడుచు గారూ..."

కుడి పక్క నుంచి. వదిన గొంతు. పాత వదిన గొంతు, అదే వెటకారంతో, అదే ముద్దుతో.

"వదినా?"

"భయపడకు. మీ అన్నయ్య మనసు నీకు తెలీదా? తిరిగొస్తాడు. అక్కడే కాస్త కూర్చో. కాళ్ళు నొప్పెడతాయి. కూర్చో తల్లీ..."

పిచ్చుక మోకాళ్ళు వాటంతటవే వంగాయి.

"కూర్చోకు!"

ఇది ఎడం పక్క నుంచి. కింద, నేలకి దగ్గరగా. ఇదీ వదిన గొంతే. కానీ పగిలిపోయిన గొంతు. "కూర్చుంటే... లేవలేవే... ఇటు రా... గోడ పట్టుకుని..."

"దాని మాట వినకు," అంది కుడి పక్క గొంతు, నవ్వుతూ. "అది నేను కాదు. అటు వెళ్ళకు. ఇక్కడే కూర్చో."

చీకట్లో ఇద్దరు వదినలు.

పిచ్చుక ఊపిరి బిగబట్టింది. కళ్ళు ఎలాగూ పనికిరావు. రోజూ చేసే పనే చేసింది... వింది. కుడి పక్క గొంతు తియ్యగా, ఆగకుండా మాట్లాడుతోంది. మాటకీ మాటకీ మధ్య ఏమీ లేదు. ఎడమ గొంతు మాటకి ముందు ఆయాసపడుతోంది. మాట తరవాత దగ్గుతోంది. గాలి పీలుస్తోంది.

కుడి పక్కది ఒక్కసారి కూడా గాలి పీల్చలేదు.

పిచ్చుక గోడ పట్టుకుని ఎడమకి నడిచింది. తలుపు వెలుగు వెనకబడింది. చీకటి చిక్కబడింది. కుడి పక్క గొంతు ఆమెతో పాటే కదులుతోంది, దగ్గరికి రాకుండా, దూరం పోకుండా. "కూర్చో తల్లీ... అలిసిపోయావు... కూర్చో..."

ఏదో ఆమె మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి. కానీ వేళ్ళ చివర్లు గరుగ్గా ఉన్నాయి. ఏళ్ళ తరబడి సూదులు గుచ్చుకుని కాయలు కాసిన వేళ్ళు. పిచ్చుక ఆ చేతిని గుర్తుపట్టి బావురుమంది.

"ఏడుపు తరవాత. వంగు. కింద తూముంది... వాన నీళ్ళు పోయేది. నీ అంత బక్కది దూరుతుంది." దగ్గు. "ఆడపడుచు గారు సన్నబడక్కర్లేదులే."

"నువ్వూ రా వదినా. నేను లాగుతాను, రా!"

"నేను కూర్చున్నానే."

పిచ్చుక ఆమె భుజం కోసం తడిమింది. మణికట్టు, మోచెయ్యి... మోచెయ్యి దాటాక చేతికి రాయి తగిలింది. నున్నటి, తడి రాయి. ఆ చెయ్యి రాతిలోంచే మొలిచి ఉంది.

అరవబోయిన నోటిని అదే చెయ్యి మూసింది. మెత్తగా. ఆ తరవాత ఆమె తలని తూములోకి నెట్టింది.

తూములో పాకుతుంటే భుజాలు గీరుకుపోయాయి. బురద నోట్లోకి వచ్చింది. ముందు పచ్చటి వెలుతురు. పంటి బిగువున ఒళ్ళు ముందుకి ఈడ్చుకుంది. గడ్డిలోకి జారిపడి, ఆకాశం చూసింది.

అప్పుడే తూములోంచి వినపడింది. పరిగెత్తుకొస్తున్న అడుగులు. పరిగెత్తుకొస్తున్న అడుగులు.

"పిచ్చుకా! పిచ్చుకా, వచ్చేశానమ్మా... నా వల్ల కాలేదే... తప్పు చేశాను, రా, ఇంటికి పోదాం..."

అన్నయ్య. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మాటకి ముందు ఆయాసం, మాట తరవాత ఆయాసం. లోపలికి వచ్చేస్తున్నాడు.

పిచ్చుక నోరు తెరిచింది. లోపలికి రాకు అని ఒక్క మాట అంటే చాలు. తూము దగ్గర నోరు పెట్టి ఒక్క కేక వేస్తే చాలు.

ఇత్తడి తాళం కళ్ళ ముందు మెదిలింది. జేబుల్లో పెట్టుకున్న చేతులు. మాట రాలేదో, రానివ్వలేదో, ఆమెకే తెలీదు.

లోపల నుంచి జవాబొచ్చింది.

"ఇక్కడే ఉన్నానన్నయ్యా. నాకేం కోపం లేదు. వచ్చి పక్కన కూర్చో."

అది ఆమె గొంతే. పిచ్చుక గొంతు.

ఇక ఆమె ఆగలేదు. దారీ డొంకా చూసుకోకుండా వాగు వెంబడి కిందకి పరిగెత్తింది. ముళ్ళు చీరేశాయి. బూటు ఒకటి ఎక్కడో జారిపోయింది. ఏదో వెంటపడుతోందేమోనని ఆగి విన్నది. ఏమీ లేదు. కీచురాళ్ళు కూడా లేవు.

టికెట్ల గది మూసేసి ఉంది. ముసలాయన లేడు. ఆ గది వెనక గోడకి ఆనుకుని, ఊపిరి తీసుకుంటూ, కారుకేసి చూసింది. వదినలా ఉన్నది వెనక సీట్లో అలాగే కూర్చునుంది.

కాసేపటికి అడవి దారిలోంచి అన్నయ్య వచ్చాడు.

ఆ మనిషిని చూడగానే, అంత జరిగాక కూడా, పిచ్చుక గుండె తేలికపడింది. బతికే ఉన్నాడు. బయటపడ్డాడు. ఒక్క అడుగు ముందుకి వేసింది కూడా.

అతని వెనక చెయ్యి పట్టుకుని ఇంకొకళ్ళు వస్తున్నారు.

తన చొక్కా. తన జడ. రెండు కాళ్ళకీ తన బూట్లు. ఎక్కడా బురద లేదు.

అన్నయ్య ముఖం వెలిగిపోతోంది. దాని తల నిమిరాడు. చెవి వెనక వెంట్రుకలు సర్దాడు. "ఇవాళ్టి సంగతి మర్చిపో పిచ్చుకా. కలనుకో," అంటున్నాడు. వెనక సీట్లోది లోపలి నుంచి తలుపు తీసి, పక్కకి జరిగి చోటిచ్చింది.

పిచ్చుక గోడ పట్టుకుని నిలబడిపోయింది. తాళం వేసినప్పుడు కూడా ఇంత నొప్పి కలగలేదు. అప్పుడు భార్య కోసం మతి చెడిందనుకుంది. ఇప్పుడు? ఎత్తుకుని పెంచినవాడు. నిద్రలో దగ్గినా తన దగ్గని పోల్చుకునేవాడు. పక్కన నడుస్తున్నది తను కాదని తెలుసుకోలేకపోయాడా? ఇంత సులువుగా ఇంకోదాన్ని చెల్లెలనుకుని చెయ్యి పట్టుకోగలిగాడా?

కేక వెయ్యలేదు. కారు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

ఒంటి బూటుతో కుంటుకుంటూ రోడ్డు వెంట నడిచి నడిచి పెట్రోలు బంకు చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ పనిచేసే ఆడమనిషి ఆమె అవతారం చూసి హడలిపోయి, కుర్చీ వేసి, "కూర్చోండమ్మా," అంది.

"వద్దు. నిలబడతాను." ఆ మాట ఎందుకంత గట్టిగా వచ్చిందో ఆవిడకి అర్థం కాలేదు. మంచినీళ్ళిచ్చింది. అడగ్గానే ఫోన్ ఇచ్చింది.

అన్నయ్య నంబరు వేళ్ళకి అలవాటే. నొక్కింది, తుడిపేసింది. ఏమని చెబుతుంది? తిట్టడానికా? ఆ కొట్టులో వెక్కి వెక్కి ఏడ్చిన గొంతు చెవిలోంచి పోవట్లేదు. వాడు తిరిగొచ్చాడు. ఆలస్యంగానైనా తన కోసం తిరిగొచ్చాడు. అప్పుడు పలకలేదు. ఇప్పుడైనా పలకాలి. నీ ఇంట్లో తిరుగుతున్నది నేను కాదు, వదినా కాదు, ఆ ఇల్లు వదిలి పారిపో అని చెప్పాలి. ఆ తరవాత జన్మలో ముఖం చూడకపోయినా సరే.

మళ్ళీ నొక్కింది.

రెండో రింగుకే ఎత్తారు. అవతల ఇల్లంతా సందడిగా ఉంది. గిన్నెల చప్పుడు. కుట్టుమిషను తిరుగుతోంది. వదిన ఏదో అంటోంది, అన్నయ్య ఒక్కసారి కూడా గాలి పీల్చకుండా పగలబడి నవ్వుతున్నాడు.

"హలో," అంది పిచ్చుక గొంతు.

పిచ్చుక ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"ఫోన్... ఫోన్ అన్నయ్యకివ్వు."

అవతల నవ్వులు ఆగాయి. మిషను ఆగింది. తరవాత ఆ గొంతు, చాలా మర్యాదగా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"ఏ అన్నయ్యకి?"